ఎడమ పక్కకు పడుకోని కుక్క

మా కుక్క ఎడమ పక్కకు పడుకోవడం మానేసినప్పుడు మేం అనుమానించింది పరుపును. ఇంకొకరింట్లో అయితే ముందు కుక్కను చూసేవారు. మాది పరుపులు కుట్టే ఇల్లు. మాలో ఎవరికి నడుం పట్టేసినా, మెడ తిరగకపోయినా, కంటినిండా నిద్ర లేకపోయినా, మందు సంగతి తర్వాత, ముందు పరుపు కుట్టు విప్పి చూస్తాం. ముప్పై ఐదేళ్ళుగా ఈ ఇంటి కోడలిగా నేను చూస్తున్నది అదే. మా ఆయనకు ఒకసారి జ్వరం వస్తే కూడా తలగడలో దూది పాతబడిందన్నారు మా అత్తగారు.

మేం తరతరాలుగా దూది ఏకే ముస్లింలం. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. ఏలూరులో మా కొట్టూ ఇల్లూ ఒకటే కప్పు కింద ఉంటాయి. వీధి వైపు గదిలో దూది ఏకే మెషీను, దాని వెనక గలేబులు కుట్టే గది, ఆ తర్వాత పొడుగాటి వరండా, వరండాకి ఒక చివర కుళాయి, రెండో చివర మేం ఉండే రెండు గదులు. షాపుల్లో ఫోమ్ పరుపులు వచ్చాక మాకు పని తగ్గింది గానీ, బూరుగు దూది పరుపు మీద తప్ప పడుకోలేని వాళ్ళు దెందులూరు నుంచి కైకలూరు దాకా ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. ఒకసారి మా దగ్గర పరుపు కుట్టించుకున్నవాళ్ళు ఏడెనిమిదేళ్ళకు మళ్ళీ ఏకించుకోవడానికి తెస్తారు. వాళ్ళ వయసు మాకు వాళ్ళ పరుపుల్ని బట్టే తెలుస్తుంది.

కుక్క కూడా కైకలూరు నుంచే వచ్చింది. పన్నెండేళ్ళ కిందటి మాట. అక్కడ చేపల చెరువుల కాపలా గుడిసెలకు పరుపులు కావాలంటే మా ఆయన ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళారు. తిరిగి వచ్చి ఖాళీ గోనెసంచులు దింపుతుంటే వాటి మధ్యలోంచి అరచేయంత కుక్కపిల్ల బయటికొచ్చింది. ఐసు కొట్టు దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు ఎక్కి ఉంటుందన్నారు ఆయన. కుక్కపిల్ల అంత ఎత్తు ట్రాలీ ఎలా ఎక్కిందని నేను అడిగాను. ఈసారి కైకలూరు వెళ్ళినప్పుడు దింపేసి వస్తానన్నారు. ఆ తర్వాత కైకలూరు ఎన్నిసార్లు వెళ్ళారో, ఒక్కసారీ దాన్ని ఎక్కించుకోలేదు.

నా నోరు మంచిది కాదు. ఆ మాట వీధిలో ఎవరినడిగినా చెప్తారు. ఆ రోజే నేను వరండాలో నిలబడి నా షరతులు చెప్పేశాను. కుక్క గదుల్లోకి రాకూడదు. దూది గదిలోకి అసలే రాకూడదు. ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. దాని చొంగ తగిలిన బట్టతో నమాజు చెయ్యకూడదు కదా, ఈయన దాన్ని ఎత్తుకుని, ఆ చేతుల్తో దూదిని తడిమి, ఆ దూది మీద ఎవరో పడుకుని, ఇదంతా ఎక్కడికి పోతుంది? ఐదు పూటలా నమాజు చేసేదాన్ని నేను. ఆయన శుక్రవారం మాత్రమే మసీదుకెళ్ళే మనిషి. అయినా ఇంట్లో నా మాటే చెల్లింది. "సరేనే, ముట్టుకోను, సరేనా?" అన్నారు. చెప్పినట్టే ముట్టుకోలేదు.

పెంచలేదని మాత్రం ఎవరూ అనలేరు. ఉప్పు లేకుండా దానికి వేరే గిన్నెలో అన్నం వండేదాన్ని. చేపల బజారు నుంచి తలకాయలు తెప్పించి ముళ్ళు తీసి కలిపి, పొడుగు గరిటెతో దాని పళ్ళెంలో వేసేదాన్ని. స్నానమంటే గొట్టం పెట్టి నీళ్ళు కొట్టడం, ఆయన పొడుగు కర్ర చీపురుతో సబ్బు రుద్దడం. వీపు దురద పెడితే అది వచ్చి ఆయన ముందు నిలబడేది. ఆయన పరుపు కొట్టే కర్ర చివరతో గోకేవారు. "ఏవమ్మా, ఇక్కడా? ఇంకొంచెం పైనా?" అని అడుగుతూ గోకేవారు. దానికి మేం పేరు పెట్టలేదు. ఆయన "ఏవమ్మా" అంటే వచ్చేది. నేను "ఇదిగో" అంటే వచ్చేది. ఏడాదికొకసారి టీకా వెయ్యడానికి వచ్చే కాంపౌండరు తప్ప ఇంకో మనిషి చెయ్యి దాని మీద పడినట్టు నాకు గుర్తు లేదు.

పడుకోవడానికి దానికో పరుపు కూడా ఉండేది. మెషీను కింద మిగిలిన తుక్కు దూదితో, చిరుగుల గలేబు ముక్కలు అతికి ఆయన కుట్టారు. వరండా గోడవారగా దాని మీదే పన్నెండేళ్ళూ పడుకుంది. ఎప్పుడూ ఎడమ పక్కకే, వీపు గోడకు ఆనించి, కాళ్ళు బారజాపుకుని పడుకునేది.

పోయిన వేసవి చివర్లో అది అలా పడుకోవడం మానేసింది. పరుపెక్కి, చుట్టూ తిరిగి, ఎడమ పక్కకు వాలి, వెంటనే లేచిపోయేది. మళ్ళీ తిరిగేది. చివరికి కుడిపక్కకు, ముఖం గోడ వైపు పెట్టి పడుకునేది. నేను చూసి, ముసలిదాని చాదస్తం అనుకున్నాను. మా ఆయన చూసి, దూది ఉండ కట్టిందన్నారు.

ఆ మధ్యాహ్నమే కుట్టు విప్పారు. దూదంతా తీసి, మెషీనులో వేసి మళ్ళీ ఏకి, నింపి, కుట్టి, కర్రతో సమంగా కొట్టి, చివర్లో కళ్ళు మూసుకుని దాని మీద అరచెయ్యి పోనిచ్చారు. ఆయన చేతికి ఒక పేరుంది. పరుపు లోపల శనగగింజంత ఉండ ఉన్నా ఆ అరచేతికి చిక్కుతుంది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు నిమిరి, "ఏం లేదు, వెన్నలా ఉంది" అన్నారు. కుక్క వచ్చి ఎక్కింది. చుట్టూ తిరిగింది. ఎడమ పక్కకు వాలి లేచిపోయింది.

"తుక్కు దూది కదా, లోపల పత్తిగింజ పలుకులు గుచ్చుకుంటున్నాయి దానికి" అన్నారు ఈసారి. నిజంగానే ఒక కస్టమరు పరుపులో మిగిలిన మంచి దూది తెచ్చి రెండో పరుపు కుట్టారు. పది రోజులు పోయాక మూడోది. ఆ మూడోది బూరుగు దూది. పెళ్ళికూతురికి ఇచ్చే పరుపుకు వాడే సరుకు. నాకు ఒళ్ళు మండింది.

"ఏవండీ, మీ సొంత పరుపు ఏకించి తొమ్మిదేళ్ళయింది. కుక్కకేమో బూరుగు దూదా?"

"దానికి నడుం నొప్పి ఉన్నట్టుందే. చూడు, ఎలా లేస్తుందో."

"ముసలిదైపోయింది, లేవదా మరి? మీరు మాత్రం ఎలా లేస్తున్నారు?"

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. కుక్క బూరుగు దూది పరుపు దిగి, దాని పక్కనే ఉత్త గచ్చు మీద, కుడిపక్కకు పడుకుంది. ఇదంతా జరగడానికి రెండు నెలల పైన పట్టింది. ఆ రెండు నెలల్లో మూడు పరుపులు కుట్టి నిమిరిన ఆ చెయ్యి ఒక్కసారైనా కుక్క మీద పడి ఉంటే ఏమయ్యేదో, ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు అన్నం సయించదు.

ఒకరోజు పొద్దున్నే అన్నం గిన్నె తీసుకుని వరండాలోకి వస్తే అది లేవలేదు. తోక మాత్రం ఆడించింది. పరుపు మీద తమలపాకంత మేర తడి, అందులో ఎర్రటి మరక. ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే. లోపల సూది ఉండిపోయింది. పరుపులవాళ్ళకు అంతకంటే పెద్ద భయం లేదు. అందుకే రోజూ కొట్టు కట్టేసేముందు దబ్బనాలు, సూదులు అన్నీ లెక్కపెట్టి గుడ్డకు గుచ్చి పెడతాం. నేను అరిచిన అరుపుకు ఆయన పరిగెత్తుకొచ్చి, మరక చూసి, సూదుల గుడ్డ దగ్గరికి వెళ్ళారు. నేను మాత్రం ఆగలేకపోయాను. ఎక్కడ గుచ్చుకుందో, విరిగి లోపలే ఉందో అని, గిన్నె కింద పెట్టి కూర్చుని దాని పొట్ట కింద రెండు చేతులూ పెట్టాను.

పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. అది మెడ తిప్పి నా చేతుల వైపు చూసింది. నేను వెతికింది సూది కోసం. వెనక కాలు లోపలి మడతలో, ఎడమ వైపు ఆఖరి రొమ్ము దగ్గర, నా వేళ్ళకు గడ్డ తగిలింది. నిమ్మకాయంత ఉంది. కదపబోతే కదల్లేదు. కింద ఒకచోట చర్మం పగిలి, నాకీ నాకీ పచ్చిగా ఉంది. ఎప్పుడో ఒకే ఒక్కసారి పిల్లల్ని పెట్టింది అది. అప్పటి నుంచి రొమ్ములు వేలాడుతూనే ఉండేవి కాబట్టి నిలబడి చూసేవాళ్ళకు ఆ మడతలో ఏముందో కనబడేది కాదు. చెయ్యి పెట్టినవాళ్ళకు తెలిసేది.

"సూదులన్నీ ఉన్నాయే" అన్నారు ఆయన లోపల్నుంచి. గొంతులో ఎంత సంతోషమో. "ఒక్కటీ పోలేదు. సూది కాదు, భయపడకు."

ఆయన వచ్చి నా చేతులు ఎక్కడున్నాయో చూసి, నా పక్కన కూర్చున్నారు. నన్ను అడక్కుండానే తన చెయ్యి కూడా పెట్టారు. గడ్డ చుట్టూ వేళ్ళు పోనిచ్చి, కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు.

ఊళ్ళో పశువుల డాక్టరమ్మ చిన్నది, పెళ్ళై వెళ్ళిన మా అమ్మాయి వయసే ఉంటుంది. బల్లమీద కుక్కను పడుకోబెట్టి, గడ్డను, దాని పైన ఇంకో చిన్నదాన్ని, తొడ సందులో ఇంకోదాన్ని తడిమి చూసింది. మేం ఒకటే చూశాం. ఆవిడ చేతికి మూడు దొరికాయి.

"ఎప్పట్నించి ఉందండీ ఇది?"

మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"మొదట ఎప్పుడు తగిలిందండీ చేతికి? అప్పుడెంత ఉంది? రోజూ ఒళ్ళు నిమురుతుంటారు కదా, సుమారుగా చెప్పినా పర్లేదు."

ఆ అమ్మాయి తిట్టలేదు, తప్పు పట్టలేదు. కుక్కను పెంచేవాళ్ళందరూ కుక్కను నిమురుతారని అనుకుంది, అంతే. మా ఆయనే చెప్పారు. "నేను చూసుకోలేదండి. కొట్టు పనిలో పడి నేనే చూసుకోలేదు." నేను ముట్టుకోనివ్వలేదని ఆయన అనలేదు. ఆ మాట దాచి తప్పు తన మీద వేసుకున్నారు. నాకు అక్కడే నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

ఎక్స్‌రే తీయించాలి, తాడేపల్లిగూడెం తీసుకెళ్ళండి అని చీటీ రాసిచ్చింది. మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటోలో బూరుగు దూది పరుపు వేసి, దాని మీద కుక్కను పడుకోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. హైవే మీద దెందులూరు, భీమడోలు దాటుతుంటే గాలికి దాని చెవులు లేచి పడుతున్నాయి. చిన్నప్పుడు గోనెసంచుల్లో దాక్కుని వచ్చిన తర్వాత అది ఊరు దాటడం ఇదే. చెరువుల మీంచి వచ్చే నీచు వాసనకు ముక్కు ఎత్తి పీల్చింది. పాపం, దాని ఊరికి, కైకలూరుకి తీసుకెళ్తున్నామనుకుందో ఏమో. పక్కన వెళ్ళే బస్సులోంచి ఎవరో పిల్లలు చెయ్యి ఊపితే నేను తిరిగి ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు.

గూడెంలో డాక్టరు పెద్దాయన. ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించారు. నల్లటి ఊపిరితిత్తుల మీద తెల్లటి చుక్కలు. మా ఆయన వాటిని వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఏడు దాకా వచ్చి ఆపేశారు.

"గడ్డ తీసేసినా లాభం లేదండి ఇప్పుడు. లోపలికి పాకిపోయింది. ఈ వయసులో మత్తుకు కూడా తట్టుకోదు" అన్నారు డాక్టరు.

"ముందే తీసుకొస్తే?" అని అడిగాను నేను. అడక్కుండా ఉండాల్సింది.

"చింతగింజంత ఉన్నప్పుడు తెచ్చుంటే తీసేసేవాణ్ణమ్మా. చిన్న పనే. ఏడాది క్రితం అంతే ఉండి ఉంటుంది. ఆడకుక్కల్లో మామూలేనండి ఇది. ఇంట్లో చేతికి తగిలి తెచ్చేవాళ్ళే ఎక్కువ." నొప్పికి మాత్రలు, పుండుకు మందు ఇచ్చి, మరీ బాధపడుతుంటే తీసుకురండి, బాధ లేకుండా సూది వేస్తాను అన్నారు. ఆ మాటకు మేమిద్దరం తలూపాం గానీ తీసుకురామని మా ఇద్దరికీ తెలుసు.

తిరుగు దారిలో దెందులూరు దగ్గర టీకి ఆపారు. రెండు గ్లాసులు పట్టుకొచ్చి ఒకటి నాకిచ్చి, ట్రాలీ అంచుకు ఆనుకుని నిలబడ్డారు. రోడ్డు వైపు చూస్తూ అన్నారు.

"నువ్వు ముట్టుకోనివ్వలేదు."

అరవలేదు. కోపంగా కూడా అనలేదు. టీలో పంచదార తక్కువైందన్నట్టు అన్నారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన మాట అంటే నేను పది మాటలు అన్నదాన్ని. ఆ రోజు ఒక్కటీ దొరకలేదు. కుక్క మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అనలేదు. అనాల్సిన పని లేదు, నాకు వినబడుతూనే ఉంది.

ఆ వారమే మసీదు పెద్దాయన తలగడ ఏకించుకోవడానికి వచ్చారు. ఆయన్ను చూస్తే నాకు తండ్రిలా గౌరవం. గలేబు కుడుతున్న మిషను ఆపి, తల మీద కొంగు సర్దుకుని అడిగాను. కుక్క జబ్బుతో ఉందండీ, పుండుకు మందు రాయాలి, ఒళ్ళు నిమరాలనిపిస్తోంది, నిమరొచ్చా అని. గట్టిగా కాదంటారని నాలో ఏదో మూల ఆశ ఉండింది. కాదంటే పన్నెండేళ్ళూ నేను చేసింది సరైనదే అవుతుంది.

"నిమిరితే తప్పేముందమ్మా? జబ్బుది కదా, చూసుకో. చొంగ తగిలితే కడుక్కుని బట్ట మార్చుకుని నమాజు చేసుకో. కుళాయి ఉందిగా ఇంట్లో?" అన్నారు ఆయన, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

ఉందండీ అన్నాను. మొదట్నుంచీ ఉంది. దేవుడు అడ్డంపెట్టింది ఏమీ లేదు. ఒక చెంబెడు నీళ్ళు, ఒక మార్పు చీర. ఆ కాస్త శ్రమకు ఓర్చుకోలేక, దానికి నిష్ఠ అని పేరు పెట్టుకుని పన్నెండేళ్ళు గరిటెతో పెంచాను. ఇంట్లో ఇంకొకరి చెయ్యి కూడా కట్టేశాను.

ఆ తర్వాత అది ఏడు వారాలు బతికింది. ఒక పాత చీర దానికోసం విడిగా పెట్టుకున్నాను. అది కట్టుకుని దాని దగ్గర కూర్చునేదాన్ని, లేచి స్నానం చేసి మార్చుకుని నమాజుకు వెళ్ళేదాన్ని, మళ్ళీ ఆ చీరలోకి మారేదాన్ని. రోజంతా ఇదే పని. దండెం మీద బట్టలు ఆరేవి కావు. ఆయన మెషీను దగ్గర్నుంచి మధ్యమధ్యలో లేచి వచ్చి, చేతుల దూది దులుపుకుని, దాని నుదుటి మీద ఒక వేలు పెట్టి వెళ్ళేవారు. అలవాటు లేని మనిషి కదా, నిమరడం రాదు.

దానికీ రాదు. మొదటిరోజు నేను వీపు మీద చెయ్యి వేస్తే ఒళ్ళంతా బిగించేసింది. కదిలితే తప్పవుతుందన్నట్టు ఊపిరి కూడా చిన్నగా తీసింది. నేను ఏడుస్తూ నిమిరాను. నాలుగైదు రోజులకు గానీ ఒళ్ళు వదలలేదు. తర్వాత తర్వాత నేను చెయ్యి తీస్తే ముందుకాలితో నా మోకాలు తట్టేది. వీధిలో పుట్టిన ఏ కుక్కకైనా పుట్టుకతో తెలిసే ఆ పని మా ఇంట్లో అది చావబోయేముందు నేర్చుకుంది.

నేను కూడా చాలా నేర్చుకున్నాను. దాని చెవుల లోపల ఎంత వేడిగా ఉంటుందో. కుడి వెనక కాలికి ఒక గోరు ఎక్కువ ఉందని. మెడ కింద, జుట్టు చాటున, ఎప్పటిదో పెద్ద గాటు మానిన మచ్చ ఉందని. అది ఎప్పుడు తెగింది, ఎంత రక్తం పోయింది, ఎన్నాళ్ళకు మానింది? మా వరండాలోనే, మా కళ్ళ ముందే మానింది. మాకు తెలియదు. ఆ మచ్చ మీద చెయ్యి పెట్టి ఆయన్ను పిలిచి చూపించాను. "ఇదెప్పుడే?" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను.

గడ్డ పెరిగింది. నారింజకాయంత అయ్యింది. మాత్రలు చేపలో పెట్టి ఇస్తే చేప తిని మాత్ర వదిలేసేది, తర్వాత చేప కూడా వదిలేసింది. గోడవార గాలి ఆడటం లేదని దాని పరుపును ఫ్యాను కిందికి, వరండా మధ్యలోకి జరిపాం. కుళాయి దగ్గర్నుంచి గదిలోకి వెళ్ళాలంటే దాని పక్కనుంచే వెళ్ళాలి. ఆఖరి రెండు రోజులు అది లేచి నిలబడలేదు. మేమే పక్కకు తిప్పేవాళ్ళం.

ఆ రోజు మధ్యాహ్నం నమాజుకు వేళయింది. నేను స్నానం చేసి, ఉతికిన తెల్లచీర కట్టుకుని, కుళాయి దగ్గర చేతులూ ముఖం కాళ్ళూ కడుక్కుని తడికాళ్ళతో గది వైపు వస్తున్నాను. కుక్క తల ఎత్తి నన్ను చూసింది. ముందుకాళ్ళు కూడదీసుకుంది. నీళ్ళు అడుగుతోందనుకున్నాను. "ఉండవే, నమాజు చేసుకుని వస్తాను" అన్నాను. అది ముందుకాళ్ళ మీద లేచింది. నడుం లేవలేదు. అయినా ఆగలేదు. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ, మూలుగుతూ, పరుపు దిగి, గచ్చు మీద జారుతూ, గోడ దాకా వెళ్ళి గోడకు అతుక్కుని పడిపోయింది. అక్కడి నుంచి నా వైపు చూసింది. వరండా నాకు ఖాళీగా ఉంది.

దారి ఇచ్చింది. నా చీరకు తన ఒళ్ళు తగలకుండా తప్పుకుంది. పాత చీర కట్టుకుని వచ్చే మనిషి వేరు, తడికాళ్ళతో తెల్లచీరలో వచ్చే మనిషి వేరు అని దానికి తెలుసు. ఆ రెండో మనిషికి దారి వదలాలని నేను ఎప్పుడూ కూర్చోబెట్టి నేర్పలేదు. రోజుకు ఐదుసార్లు ఆ మనిషి ముఖం చూసి నేర్చుకుంది.

నేను గదిలోకి వెళ్ళలేదు. గోడ పక్కన కూర్చుని దాన్ని రెండు చేతులా లాక్కుని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. అది రాననే అంది. మెడ వెనక్కి లాక్కుంది. నేను వదల్లేదు. "రావే, తల్లీ, ఏం కాదు, రా" అంటున్నాను. నా గొంతు విని ఆయన దూది గదిలోంచి వచ్చారు. గడ్డం నిండా దూది. నన్నూ, నా చీరనూ, కుక్కనూ చూసి, ఏం అనాలో తెలియక, "నమాజు టైమైపోతోందే" అన్నారు.

"అవనివ్వండి" అన్నాను.

ఆయన వచ్చి అవతల పక్క కూర్చున్నారు. ఇద్దరం నిమురుతూ ఉన్నాం. కాసేపటికి దాని మెడ బిగువు వదిలింది. బరువంతా నా ఒళ్ళో వదిలేసింది. మూతిని మాత్రం నా చీరకు తగలకుండా బయటికి తిప్పి, మోకాలి అవతలికి, గచ్చు మీదికి వేలాడేసి పెట్టుకుంది. నేను రెండుసార్లు నా వైపు తిప్పుకున్నాను. రెండుసార్లూ మళ్ళీ బయటికే తిప్పుకుంది. ప్రాణం పోయేదాకా అలాగే పెట్టుకుంది.